పాత పెట్రోల్ జీపుకి కార్బొరేటర్ మారుస్తున్నారా? కొనేముందు చూసుకోవాల్సినవి

కోనసీమలోనూ, ఇటు నరసాపురం, భీమవరం వైపూ పాత పెట్రోల్ జీపులు ఇంకా పనిలో ఉన్నాయి. వెనక సీట్లు తీయించి, తొట్టి కట్టించి, కొబ్బరికాయలకీ చేపల మేతకీ నర్సరీ మొక్కలకీ పికప్‌లా వాడుకుంటున్నారు. అలాంటి బండి మొరాయించగానే ఎవరో ఒకరు "కార్బొరేటర్ పోయింది, మార్చెయ్" అంటారు (కార్బొరేటర్ అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది), మనం షాపుకెళ్లి అక్కడ ఏది ఉంటే అది పట్టుకొచ్చేస్తాం. డబ్బు వృథా అయ్యేది అక్కడే. మీ ఇంజిన్ సైజుకీ, మీ మానిఫోల్డ్‌కీ (కార్బొరేటర్ కూర్చునే, ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టాల భాగం) సరిపోయేదే కొనండి, అది పాతదైనా సరే. డీజిల్ ఇంజిన్ ఎక్కించుకున్న జీపులకి ఈ గొడవ లేదు, వాటికి కార్బొరేటరే ఉండదు.

ముందు తప్పు నిజంగా కార్బొరేటర్‌దేనా అన్నది తేల్చుకోండి. స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే చాలా సంగతి తెలుస్తుంది: లేత గోధుమ రంగులో ఉంటే బాగానే మండుతోంది, నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. గాలి ఎక్కువైతే నేరం కార్బొరేటర్ మీద వెయ్యకుండా దాని కింది ప్యాకింగ్ చూడండి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆ అంచు చుట్టూ కొద్దిగా నీళ్లు స్ప్రే చేస్తే, ఆర్‌పీఎం మారిన చోట గాలి లాగుతున్నట్టే. కొంతమంది దీనికి కార్బ్ క్లీనర్ కొడతారు, పక్కనే కాలుతున్న ఎగ్జాస్ట్ ఉంటుంది కాబట్టి ఆ పని చెయ్యకండి. స్పార్క్ తెప్పించే పాయింట్లు, కండెన్సర్, పెట్రోల్ ఫిల్టర్, ట్యాంకులో తుప్పు, ఇవన్నీ చూశాక త్రాటిల్ షాఫ్ట్‌ని (యాక్సిలేటర్ తొక్కితే గాలిదారి తెరిచే రేకు తిరిగే ఇరుసు) వేళ్లతో పట్టుకుని ఊపండి. అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఆ సందులోంచి గాలి లోపలికి పోతోంది, ఎంత ట్యూనింగ్ చేసినా ఐడ్లింగ్ నిలవదు. అయినా కొత్తది కొనాల్సిందేనని కాదు, మంచి లేత్ మేస్త్రి బుష్ (షాఫ్ట్ తిరిగే తొడుగు) వేసిస్తే పాతదే మళ్లీ చాలాకాలం పనిచేస్తుంది. బాడీ పగిలినా, పై మూత వంగినా, మరలు తొలిచేసినట్టు అరిగిపోయినా అప్పుడు మార్చుకోవాల్సిందే.

షాపుకి ఫోటో చూపిస్తే సరిపోదు. పాతదాన్ని విప్పి చేత్తో పట్టుకెళ్లండి, విప్పే ముందు బ్యాటరీ వైరు తీసెయ్యండి. మానిఫోల్డ్ మీద రెండు స్టడ్‌ల (పైకి నిలిచి ఉండే బోల్టుల) మధ్య దూరాన్ని వెర్నియర్‌తో, వాటి నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకి కొలవండి, ఒక్క మిల్లీమీటర్ తేడా వచ్చినా కూర్చోదు, రంధ్రం సాగదీసి కూర్చోబెడితే కింద గాలి లాగుతుంది. గాలి పైనుంచి కిందికి దిగే రకమా, పక్కనుంచి వచ్చే రకమా చూడండి. ఎయిర్ క్లీనర్ బిగించే మూతి వ్యాసం, మొత్తం ఎత్తు కూడా కావాలి, లేకపోతే అంతా బిగించాక బానెట్ పడదు. యాక్సిలేటర్ రాడ్ ఏ వైపు నుంచి వస్తోంది, త్రాటిల్ ఎటు తిరిగితే తెరుచుకుంటోంది, చోక్ వైరు ఎక్కడ తగులుతోంది అన్నవి బాగా గమనించుకోండి. ఎక్కువమంది మర్చిపోయేది వ్యాక్యూమ్ గొట్టం. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకి పంచేది) డబ్బాకి కార్బొరేటర్ నుంచి సన్న గొట్టం వెళ్తుంటే, కొత్తదానికీ అదే చోట ఆ ముక్కు ఉండాలి. లేదని మూసేస్తే బండి నడుస్తుంది, కానీ మైలేజీ పడిపోతుంది, ఎందుకో ఎన్నాళ్లైనా అర్థం కాదు.

ఇక సైజు. పెద్ద కార్బొరేటర్ వేస్తే పవర్ పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిగా ఉంది. లెక్క వేసి చూద్దాం. పాత జీపుల్లో ఉండే హరికేన్ ఇంజిన్ దాదాపు 2.2 లీటర్లు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి నిండుతుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర 2.2ని 2000తో గుణిస్తే నిమిషానికి 4400 లీటర్ల గాలి. ఇంత పాత ఇంజిన్ పూర్తిగా నిండదు, ముప్పావు వంతు అనుకుంటే 3300 లీటర్లు. అమెరికా లెక్కలో చెప్పే సీఎఫ్‌ఎంలోకి (నిమిషానికి ఘనపు అడుగులు) మారిస్తే 117 దాకా వస్తుంది. ఆన్‌లైన్‌లో కనపడే 350, 500 సీఎఫ్‌ఎం రెండు గొంతుల (గాలి పోయే రెండు దారులున్న) కార్బొరేటర్లు దీనికి ఏ మూలకి కావాలి?

పైగా మన పని ఎలాంటిదో చూసుకోవాలి. హైవే మీద స్పీడు మన బండ్లకి అక్కర్లేదు. ఏటిగట్టు మీద లోడుతో సెకండ్ గేర్‌లో పోవడం, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పెద్ద పడవ) మీదికి మెల్లగా ఎక్కించడం, చెరువు గట్టు మీద మలుపు తిప్పడం, ఇవీ మన అవసరాలు. గొంతు పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం చాలక పెట్రోల్ సరిగ్గా పైకి లాగబడదు, యాక్సిలేటర్ తొక్కగానే ఒక్క క్షణం గుటకేసి ఆగుతుంది. ఆ క్షణం పంటు పలకల మీద వస్తే ఎంత ప్రమాదమో ఎక్కించేవాళ్లకి తెలుసు. అందుకే ఒరిజినల్ సైజు, ఒకే గొంతు ఉన్నదే తీసుకోండి. ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం) కూడా కంపెనీ చెప్పినంతే ఉండాలి, ఎక్కువ పెడితే రేవు వాలులో బండి వంగినప్పుడు పెట్రోల్ పొంగి ఇంజిన్ ఆగిపోతుంది.

నంబర్లు చదవడం తెలిస్తే షాపులో మోసపోరు. సోలెక్స్ ఒక కార్బొరేటర్ కంపెనీ, సోలెక్స్ 32 అంటే త్రాటిల్ గొంతు వ్యాసం 32 మిల్లీమీటర్లు. సోలెక్స్ జెట్ (పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న మర) మీద 125 అని ఉంటే దాని రంధ్రం 1.25 మిల్లీమీటర్లు. కార్టర్, మికునీ వాళ్ల నంబర్ల పద్ధతి వేరు, కాబట్టి ఒక కంపెనీ నంబరుని ఇంకో కంపెనీ దానితో పోల్చకండి. జెట్ 120 నుంచి 125కి పెంచితే చిన్న మార్పులాగే అనిపిస్తుంది గానీ రంధ్రం వైశాల్యం 8 శాతం పైగా పెరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి ఈ సంగతి పనికొస్తుంది: మామూలు పెట్రోల్ ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, దీనికి 13.5 దగ్గర చాలు. అంటే పాత జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గులు తెల్లగా వస్తుంటే ఒక్క సైజు పెంచి చూడండి, డ్రిల్ బిట్‌తో మాత్రం జెట్ తొలవకండి.

ఇథనాల్ వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన దగ్గర తేమకి ఏం కొదవ! అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి కూడా తోడై, కార్బొరేటర్ లోపల జింక్, అల్యూమినియం మీద తెల్ల పొడి పేరుకుంటుంది. పాత సరుకు కొనేటప్పుడు పై మూత విప్పించి, ఫ్లోట్ గిన్నె అడుగున ఈ తెల్ల పొడి, గుంటలు ఉన్నాయేమో చూడండి, ఉంటే వదిలెయ్యండి. రిపేర్ కిట్‌లో డయాఫ్రమ్ (పలచని రబ్బరు పొర), సీళ్లు ఇథనాల్‌కి తట్టుకునేవేనా అని అడిగి తీసుకోండి, పాతకాలం రబ్బరు ఉబ్బిపోయి గట్టిపడుతుంది. బండి కొన్నాళ్లు వాడరనుకుంటే గిన్నెలో పెట్రోల్ తీసేయడం మంచిది.

పేరులేని డూప్లికేట్ చవగ్గా దొరుకుతుంది. తీసుకోవాల్సి వస్తే అడుగు భాగాన్ని స్టీల్ స్కేలు మీద ఆనించి వెలుతురుకి పెట్టి చూడండి, సందులోంచి వెలుగు కనిపిస్తే అది చదునుగా లేదు. షాఫ్ట్ కొత్తదాంట్లోనే ఊగుతుంటే అక్కడే వదిలి రండి. నా ఓటు మాత్రం బాడీ బాగున్న ఒరిజినల్‌కి కొత్త కిట్ వేయించుకోవడానికే. రాజమండ్రిలో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల షాపులు తిరగండి, ఓపిక పడితే దొరుకుతుంది.

పెట్రోల్ పంపు సంగతి కూడా చూడండి. ఈ కార్బొరేటర్లకి 3, 4 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చాలు. పాత పంపు పోయిందని ఇంజెక్షన్ కారు ఎలక్ట్రిక్ పంపు తగిలిస్తే అది 40 పీఎస్‌ఐ దాకా నెడుతుంది, గిన్నెలోకి పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్ ఆ ఒత్తిడికి ఆగదు, పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్ మీదికి పొంగుతుంది. బండి తగలబడిపోయే పని అది.

బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ వెయ్యండి, రెండు నట్లూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి, ఒకేసారి ఒక పక్క లాగితే అంచు వంగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాకే ఐడ్లింగ్ స్క్రూ, మిక్స్చర్ స్క్రూ సరిచెయ్యండి, చల్లగా ఉన్నప్పుడు చేసింది లెక్కలోకి రాదు. తర్వాత పొల్యూషన్ చెక్ సెంటర్‌కి తీసుకెళ్తే కార్బన్ మోనాక్సైడ్ శాతం కాగితం మీదే కనిపిస్తుంది, ఈ వయసు బండ్లకి పరిమితి 3 శాతం. అంతకన్నా బాగా తక్కువుండి, బండి పికప్ బాగుంటే సెట్టింగ్ కుదిరినట్టే.

పాతదాన్ని మాత్రం ఇనుప సామాన్లవాడికి వేసెయ్యకండి. కడిగి, ఆరబెట్టి, కాస్త నూనె రాసి కవర్లో చుట్టి ఉంచండి. దాని లివర్లు, జెట్లు, స్ప్రింగులు విడిగా కొందామంటే దొరకవు.