బ్రోకర్ లేకుండా ఫ్లాట్ అమ్మాలంటే ఫొటోల కంటే ముందు ఫైలు తెరవండి

హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ అమ్మిపెడితే బ్రోకర్ మామూలుగా ఒక శాతం అడుగుతాడు, కొందరు రెండు శాతం దాకా వెళ్తారు. 80 లక్షల ఫ్లాట్‌కి ఒక శాతమంటే 80 వేలు. అది మిగుల్చుకుందామని కూకట్‌పల్లిలో మా డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ నేనే అమ్ముకున్నాను. అయ్యే పనే. కాకపోతే ముందు ఫొటోలు పెట్టేసి, కాగితాల సంగతి పార్టీ దొరికాక చూద్దాంలే అనుకున్నాను, అక్కడే దెబ్బతిన్నాను.

రేటు కుదిరింది, బయానా తీసుకున్నాం, కొనే ఆయన లోన్‌కి పెట్టుకున్నాడు. బ్యాంకు లాయర్ ఫైలు చూసి, కరెంటు బిల్లు ఇంకా బిల్డర్ పేరు మీదే ఉందేంటి అన్నాడు. పదకొండేళ్లు నెలనెలా కట్టిన బిల్లు, పైన ఎవరి పేరుందో ఒక్కరోజూ చూసుకోలేదు. ఆస్తి పన్ను రసీదులో నా ఇంటిపేరులో ఒక అక్షరం తేడా. రెండూ సరిచేయించుకునేసరికి ఐదు వారాలు పట్టింది. ఈలోపు ఆయన ‘మేం వేరేది చూసుకుంటాం సార్’ అని రెండుసార్లు అన్నాడు, నాకేమో నిద్ర లేదు.

అందుకే ముందు ఫైలు. మీ సేల్ డీడ్ ఒరిజినల్, స్థలం ఓనర్ నుంచి బిల్డర్ దాకా లింక్ డాక్యుమెంట్లు, అప్రూవ్డ్ ప్లాన్, ఇక ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, పన్ను రసీదు, కరెంటు బిల్లు, అసోసియేషన్ వాళ్ల దగ్గర బకాయి లేదన్న కాగితం. ఇవన్నీ పక్కపక్కన పెట్టి పేరు, డోర్ నంబరు, విస్తీర్ణం ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మీరే తీసి చదవండి. లోన్ ఎప్పుడో తీరిపోయినా, తాకట్టు రిజిస్టర్ అయి ఉంటే, రిలీజ్ చేయించేదాకా ఆ ఎంట్రీ ఈసీలో అలాగే కూర్చుని ఉంటుంది. లోన్ ఇంకా నడుస్తుంటే ఆ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి, దాచితే తర్వాత మీ మాట దేన్నీ నమ్మరు. బ్యాంకు నుంచి బాకీ ఎంతో చూపించే ఫోర్‌క్లోజర్ లెటర్, వాళ్ల దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తెచ్చిపెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. లోన్ పూర్తిగా కట్టాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలనీ, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు కట్టాలనీ రిజర్వ్ బ్యాంక్ రూలు ఉంది.

రేటు విషయంలో వెబ్‌సైట్లలో కనిపించేవి ఓనర్లు అడుగుతున్న ధరలు, అమ్ముడుపోయిన ధరలు కావు. మీ అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య ఏ ఫ్లాట్ ఎంతకి పోయిందో వాచ్‌మన్‌కీ, కింద ఇస్త్రీ బండి ఆయనకీ తెలిసినంత ఎవరికీ తెలియదు. వాచ్‌మన్ పార్టీని తీసుకొస్తే ఎంతో కొంత ఇస్తానని ముందే చెప్పండి, నేనిచ్చిన డబ్బుల్లో బాధపడనిది అదొక్కటే. ఆషాఢంలో పెట్టి ఎవరూ రావట్లేదని రేటు తగ్గించుకోకండి, శ్రావణం దాకా ఆగండి.

ప్రకటనలో ఎస్ఎఫ్‌టీతో పాటు యూడీఎస్ (స్థలంలో మీ ఫ్లాట్‌కి వచ్చే వాటా) ఎన్ని గజాలో, ఫేసింగ్ ఏదో, ఎన్నో అంతస్తో, పార్కింగ్ ఉందో లేదో రాసేయండి, ఎలాగూ అవే అడుగుతారు. మొదటి రోజు వచ్చే ఫోన్లలో ఎక్కువ బ్రోకర్లవే, ‘మా దగ్గర రెడీ పార్టీ ఉంది సార్’ అంటూ. కమిషన్ ఇవ్వను అని ఒక్క ముక్కలో చెప్పండి. ఎవడైనా ఆర్మీలో ఉన్నాను, ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపిస్తా, క్యూఆర్ స్కాన్ చేయండి అన్నాడంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు.

చూడటానికి వచ్చేవాళ్లతో పెద్దావిడ ఎవరైనా ఉంటే అసలు నిర్ణయం ఆవిడదే. మా ఇంటికొచ్చిన ఒకావిడ హాల్లో ఆగనే లేదు, నేరుగా వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పి నీళ్ల జోరు చూసి, బాత్రూమ్ గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. అక్కడ చెమ్మ ఉంది, పైన కొత్తగా రంగు వేయించాను. ఆవిడ చెయ్యి తీసి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. లీకేజీ ఉంటే ప్లంబర్‌ని పిలవండి, పెయింటర్‌ని కాదు.

కొంత బ్లాక్‌లో తీసుకోండి అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడొచ్చు. కాబట్టి బయానాతో సహా అంతా బ్యాంకు ద్వారానే. అగ్రిమెంట్ మాత్రం లాయర్ చేత రాయించండి, ఆ కొన్ని వేలు దండగ కాదు. గడువెంత, మిగతా డబ్బు ఎప్పుడు, వాళ్లకి లోన్ రాకపోతే బయానా సంగతేంటి, ఈ మూడూ అందులో స్పష్టంగా ఉండాలి.

రిజిస్ట్రేషన్ ఖర్చు కొనేవాళ్లదే, హైదరాబాద్‌లో స్టాంప్ డ్యూటీ, ఫీజులు అన్నీ కలిపి 7.5 శాతం. ముందురోజే డ్రాఫ్ట్ తెప్పించుకుని డోర్ నంబరు, యూడీఎస్, హద్దులు మీరే చదవండి, డాక్యుమెంట్ రైటర్ పాత ఫైలు మీదే కొత్త పేర్లు కొట్టేస్తాడు. డీడీ చేతిలోకి రాకుండా సంతకం, వేలిముద్ర వద్దు.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు మీకిచ్చే డబ్బులో ఒక శాతం పన్నుగా ముందే పట్టుకుని (దీన్నే టీడీఎస్ అంటారు) మీ పాన్ మీద కట్టాలి. మీరు ఎన్నారై అయితే కోత చాలా ఎక్కువ, అగ్రిమెంట్‌కి ముందే ఆడిటర్‌ని కలవండి. టీడీఎస్ కట్టామని చెబితే సరిపోదు, సర్టిఫికెట్ అడిగి తీసుకుని, అది మీ పాన్ మీద జమైన పన్ను చూపించే ఇన్‌కమ్ ట్యాక్స్ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తోందో లేదో చూసుకోండి. నా పాన్‌లో ఒక అంకె తప్పు కొట్టారు, అది బయటపడేసరికి వాళ్లు గృహప్రవేశం కూడా చేసేసుకున్నారు.