గుర్రపు విలుకాడి అమ్ములపొది కట్టే పద్ధతి

అమ్ములపొది అనగానే వీపు మీద గొట్టం గుర్తొస్తుంది. 9, 10 శతాబ్దాల్లో కార్పాతియన్ లోయలో (నేటి హంగరీ ప్రాంతం) స్థిరపడ్డ మాగ్యార్ గుర్రపు విలుకాళ్లు మాత్రం పొదిని కుడివైపు నడికట్టుకి వేలాడదీసేవారు. బాణాలు ములికి పైకి, ఈకలు కిందికి ఉండేవి. సమాధుల్లో దొరికిన ఇనుప పట్టీలు, ఎముక పలకలే దీనికి ఆధారం.

తలకిందులుగా ఎందుకంటే, ఈక నలిగితే బాణం గురి తప్పుతుంది. కాబట్టి దాచాల్సింది ఈకల్నే. పైగా ములికి కనబడితే కవచానికి సన్నటిది, గుర్రానికి వెడల్పుది చూసి తీయొచ్చు.

అందుకే అడుగు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉండాలి. 75 సెం.మీ. బాణాలు 20 పట్టాలంటే అడుగున 22×9 సెం.మీ. కోడిగుడ్డు ఆకారపు చెక్క, మూతి దగ్గర 14×6 చాలు. అడుగు ఇరుకైతే ఈకలు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి, మూతి వెడల్పైతే స్వారీలో బాణాలు గలగలలాడతాయి. రెండు పక్కలా సన్నటి చెక్క బద్దలు నిలబెట్టి, చుట్టూ భూర్జ చెట్టు బెరడు చుట్టాలి. ముందు వైపు అంచు వెనక అంచుకన్నా 8 సెం.మీ. తగ్గిస్తే ములుకులు కనబడతాయి, వాటిపైకి తోలు మూత వాలుతుంది.

అసలు ఇబ్బంది బెరడుతోనే. వేడినీళ్లలో నానబెట్టాకే వంచాలి, ఎండిన బెరడు పెళుసుగా విరుగుతుంది. దాని మీది అడ్డగీతలే దాని బలహీనత. కుట్టు రంధ్రాలన్నీ ఒకే గీత మీద పొడిస్తే కాగితంలా చీలిపోతుంది. 1 సెం.మీ. ఎడంతో, ఒకటి పైకి ఒకటి కిందికి పొడవండి. మూతి అంచుకి ఎముక గానీ గట్టి చెక్క గానీ బిగించాలి, రోజూ ఒరిపిడి తగిలేది అక్కడే.

వేలాడదీయడానికి రెండు పట్టీలు తప్పనిసరి. ఒకటే ఉంటే దౌడులో పొది గిరగిరా తిరుగుతుంది. మూతి కొంచెం ముందుకి వాలేలా పట్టీల పొడవు సరిచూసుకోండి. తీసేటప్పుడు ములికి కింద కాడని పట్టుకోవాలి, ములికి మీద చెయ్యి వేస్తే వేళ్లు తెగుతాయి.

ఎన్ని బాణాలు? క్రీ.శ. 600 ప్రాంతపు బైజాంటియన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) సైనిక గ్రంథం ఒక్కో రౌతుకి 30, 40 బాణాలు పట్టే, మూత ఉన్న పొది ఉండాలంటుంది. అన్ని పెట్టాలంటే అడుగు చెక్క పెంచండి, కుక్కొద్దు.

తడిసిన బాణాలు లోపల పెట్టకూడదు. ఈకల్ని పట్టుకున్న జంతుజిగురు నీటికి మెత్తబడి ఈకలు ఊడిపోతాయి. నీడన ఆరబెట్టి, దారం చుట్లు సరిచూసి, అప్పుడు పెట్టండి.