మోకాళ్ల అరుగుదలకు కొత్త చికిత్స అన్నప్పుడు దాని వెనకున్న పరిశోధనను చదవడం ఎలా?

"మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది" అని డాక్టరు చెప్పిన రోజు నుంచే ఇంటికి సలహాలు రావడం మొదలవుతుంది. ఒకరు మాత్రల డబ్బా పట్టుకొస్తారు, ఒకరు ఫలానా సూది వేయించుకున్నాక తమ అత్తగారు తిరుమల మెట్లెక్కారని చెబుతారు, ఇంకొకరు వాట్సాప్‌లో వీడియో పంపుతారు. వీటన్నిటి చివరా ఒకే మాట ఉంటుంది: ఇది పరిశోధనలో రుజువైంది. మా అమ్మకు అరవై రెండో ఏట ఒక క్లినిక్‌లో ఇదే మాట చెప్పి, మూడు సూదులు వేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుందన్నారు. ఆ మాట నమ్మి, ఆమె దాచుకున్న డబ్బులోంచే ఖర్చు పెట్టాం. ఆ తరువాత కూర్చుని అసలు పరిశోధన పత్రాలు చదివితే, ఆ నమ్మకానికి ఆధారం ఎంత పలచనిదో తెలిసింది. ఆ చదువు ముందే చదివి ఉండవలసింది. వైద్యం చదవనివారు కూడా ఆ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. మోకాలు వాచి, ఎర్రబడి, జ్వరం కూడా ఉంటే మాత్రం చదువుతూ కూర్చోకూడదు. అది అరుగుదల కాకపోవచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి పని: విన్న మాటను ప్రశ్నగా మార్చి రాసుకోవడం

"ఈ మందు మోకాళ్లకు బాగా పనిచేస్తుంది" అన్న వాక్యాన్ని పరీక్షించడం ఎవరికీ సాధ్యం కాదు. కనుక ఒక కాగితం తీసుకుని, ఎవరికి ఇచ్చారు, ఏమిచ్చారు, దేనితో పోల్చారు, ఏ కొలతతో కొలిచారు, ఎన్నాళ్లు చూశారు అని ఐదు ఖాళీలు వదిలి రాసుకోవాలి. అమ్మే మనిషి మొదటి రెండింటికీ ఉత్సాహంగా జవాబు చెబుతాడు. అసలు విషయం మిగిలిన మూడింటిలో ఉంటుంది.

రెండో పని: అసలు పత్రాన్ని వెతకడం

వార్త దగ్గర ఆగిపోకుండా, పరిశోధన పేరో, అది అచ్చయిన పత్రిక పేరో, సంవత్సరమో పట్టుకుని, వైద్య పరిశోధన పత్రాలను వెతికిపెట్టే వెబ్‌సైటు అయిన పబ్‌మెడ్‌లో వెతికితే కనీసం సారాంశం ఉచితంగా దొరుకుతుంది. పత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది కానీ, పైన చెప్పిన ఐదు ఖాళీలు నింపడానికి సాధారణంగా ఆ ఒక్క పేరా చాలు. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు ఇంట్లో ఉంటే వారికి అప్పగించదగిన పని ఇది.

మన దేశంలో జరిగే ట్రయల్ (మనుషులపై చికిత్సను పరీక్షించే పరిశోధన) అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో, అంటే సీటీఆర్ఐలో, దాని వివరాలు ఎవరైనా చూడవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2007 జూలైలో మొదలైన ఈ రిజిస్ట్రీలో ట్రయల్ నమోదు 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి అయింది. ఏ ఫలితాన్ని ప్రధానంగా కొలుస్తామో పరిశోధకులు అక్కడ ముందే రాసిపెట్టాలి. చివరకు అచ్చయిన పత్రంలో ఆ ఫలితం ఊసు లేకుండా మరేదో కొలత గొప్పగా కనిపిస్తే, దాన్ని అనుమానంతోనే చదవాలి.

మూడో పని: దేనితో పోల్చారో చూడడం

సమయం తక్కువగా ఉన్నవారు మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్కదాన్ని వదలకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి అమెరికాలోని హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో జరిగి 2002లో అచ్చయిన ఒక పరిశోధనను దగ్గరగా చూడాలి. అప్పట్లో మోకాలికి చిన్న గాట్లు పెట్టి, గొట్టం దూర్చి, లోపల కడిగి, గరుకు తేలిన మృదులాస్థిని, అంటే మనం గుజ్జు అనేదాన్ని, గీకి శుభ్రం చేసే ఆపరేషన్ విరివిగా జరిగేది. బ్రూస్ మోస్లీ అనే సర్జన్, ఆయన సహచరులు 180 మందిని మూడు బృందాలుగా చీటీల పద్ధతిలో విడదీశారు. ఒక బృందానికి గీకి శుభ్రం చేశారు, ఒక బృందానికి కడిగి వదిలారు, మూడో బృందానికి ఆపరేషన్ చేసినట్టు నటించారు. ఎవరు ఏ బృందమో ఆపరేషన్ గదిలో కవరు తెరిచేదాకా సర్జన్‌కు కూడా తెలియదు. మూడో బృందంవారి మోకాలికి కూడా గాట్లు పెట్టారు, పనిముట్లు అడిగి అందుకున్నారు, కాలిని అటూ ఇటూ కదిపారు, లోపల కడుగుతున్న చప్పుడు వినిపించేలా సెలైన్‌ను చిలకరించారు. రోగులు ఆ రాత్రి ఆసుపత్రిలోనే పడుకున్నారు. రెండేళ్లపాటు నొప్పినీ నడకనూ కొలుస్తూ వచ్చినా, నిజంగా ఆపరేషన్ అయినవారికీ గాట్లు మాత్రమే పడినవారికీ తేడా కనిపించలేదు.

మూడో బృందం లేకుండా ఇదే పరిశోధన చేసి ఉంటే ఆపరేషన్ బ్రహ్మాండంగా పనిచేసిందనే రాసేవారు. అరుగుదల నొప్పి స్వభావమే దీనికి కారణం. అది కొన్ని వారాలు పెరుగుతుంది, కొన్ని వారాలు తగ్గుతుంది. నొప్పి భరించలేని స్థాయికి చేరినప్పుడే మనిషి డాక్టరు దగ్గరికి వెళతాడు కనుక, ఆ తరువాత ఏమిచ్చినా కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. దానికి తోడు శ్రద్ధగా చూశారన్న ధైర్యం, సూది పడిందన్న నమ్మకం కూడా నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి. ఆ ఉపశమనం అబద్ధం కాదు. అది మందు గొప్పతనం కాదన్నదే విషయం.

మాత్రల సంగతికి వస్తే, మన మందుల దుకాణాల్లో గుజ్జు పెరగడానికని అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌లను అమెరికాలో 1583 మందిపై ఆరు నెలలపాటు పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. నొప్పి కనీసం 20 శాతం తగ్గినవారు ఉత్తుత్తి మాత్ర (చూడడానికి అలాగే ఉండి మందు లేనిది) బృందంలో 60 శాతం ఉంటే, రెండు మందులూ కలిపి వాడిన బృందంలో 67 శాతం ఉన్నారు. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రాగలిగినంత చిన్నది. అయితే నొప్పి ఎక్కువగా ఉన్న ఒక చిన్న ఉపబృందంలో మాత్రం జంట మందుతో 79 శాతం, ఉత్తుత్తి మాత్రతో 54 శాతం అన్న పెద్ద తేడా కనిపించింది. అమ్మకపు కరపత్రాల్లో వాడుకోవడానికి అనువైన అంకె అదే. అలాంటి ముక్కలో దొరికిన ఫలితాన్ని మరో పరిశోధనలో నిలబడేదాకా రుజువుగా తీసుకోకూడదు. తరువాత యూరప్‌లో ఆ జంట మందును సెలెకాక్సిబ్ అనే నొప్పి మాత్రతో పోల్చి, రెండూ సమానమేనని తేల్చారు కానీ, ఆ పరిశోధనలో ఉత్తుత్తి మాత్ర బృందమే లేదు. స్పెయిన్‌లో 164 మందిపై ఉత్తుత్తి మాత్రతో పోల్చి 2017లో అచ్చువేసిన పరిశోధనలో నొప్పి జంట మందు వాడినవారికి 19 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవారికి 33 శాతం తగ్గింది. అవే రెండు మందులకు, దేనితో పోల్చారన్నదాన్ని బట్టి తీర్పు మారిపోయింది.

నాలుగో పని: ఏ కొలతతో కొలిచారో చూడడం

ఎక్స్‌రే రిపోర్టులో గ్రేడ్ 2, గ్రేడ్ 3 అని రాసేది 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ రూపొందించిన 0 నుంచి 4 వరకు ఉండే కొలమానం. ఎముకల మధ్య సందు ఎంత తగ్గింది, అంచుల్లో ఎముక ముళ్లలా ఎంత పెరిగింది అన్నది అది చెబుతుంది గానీ నొప్పిని చెప్పదు. గ్రేడ్ 3 ఉండి పొలం పనికి వెళ్లేవారూ ఉన్నారు, గ్రేడ్ 1తో మెట్లు దిగలేనివారూ ఉన్నారు. కనుక "ఎక్స్‌రేలో మెరుగుదల" అన్న మాట ఒక్కదానికే సంతోషపడనక్కరలేదు.

నొప్పిని కొలవడానికి ఎక్కువగా వాడేది వోమాక్ అనే ప్రశ్నావళి. అందులో నొప్పిపై 5, బిగుసుకుపోవడంపై 2, రోజువారీ పనులపై 17, మొత్తం 24 ప్రశ్నలుంటాయి. ఒకసారి మా అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్క ప్రశ్నా తెలుగులో అడుగుతూ నింపాను. కారు ఎక్కి దిగడం, స్నానపు తొట్టిలోకి దిగడం, మేజోళ్లు తొడుక్కోవడం ఎంత కష్టంగా ఉందని అందులో ఉంది. "మేజోళ్లు ఎప్పుడు తొడుక్కున్నానురా?" అని ఆమె అడిగింది. ఆమె కష్టమంతా దేవుడి ముందు కింద కూర్చుని లేవడంలో, ఊళ్లో పాత దొడ్డిలో గొంతుకు కూర్చోవడంలో ఉంది. పుణేలోని సెంటర్ ఫర్ రుమాటిక్ డిసీజెస్‌వారు ఆ ప్రశ్నావళిని మన జీవన విధానానికి తగ్గట్టు సవరించి పరీక్షించినది ఈ కారణంగానే. కింద కూర్చోగలగడమే మీకు ముఖ్యమైతే, ఆ పరిశోధనలో దాన్ని అడిగారా లేదా అని చూడండి.

తేడా ఎంత అన్నది కూడా అక్కడే చూడాలి. నొప్పిని 100కు లెక్కకట్టినప్పుడు పది పాయింట్ల లోపు తేడాను రోగి సాధారణంగా గుర్తించలేడని పరిశోధకులు భావిస్తారు. మన ఊళ్లలో వేలకు వేలు తీసుకుని వేసే పీఆర్పీ సూదిని, అంటే రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని, ఆస్ట్రేలియాలో 288 మందిపై ఉత్త సెలైన్ సూదితో పోల్చి చూశారు. ఏడాది తరువాత 10 పాయింట్ల కొలమానంపై నొప్పి పీఆర్పీతో 2.1, సెలైన్‌తో 1.8 తగ్గింది. మృదులాస్థి రెండు బృందాల్లోనూ దాదాపు ఒకేలా తగ్గుతూ పోయింది, పెరగలేదు. 2021లో ఈ పత్రం వచ్చింది. అప్పటికే అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం తన 2019 మార్గదర్శకాల్లో పీఆర్పీ, స్టెమ్ సెల్ (మూలకణాల) సూది, గ్లూకోసమైన్ మూడింటినీ మోకాలికి వాడవద్దని గట్టిగా చెప్పింది.

ఐదో పని: ఎవరిపై, ఎన్నాళ్లు చూశారో గమనించడం

హ్యూస్టన్ పరిశోధనలో పాల్గొన్నవారిలో అత్యధికులు పురుషులు. మోకాళ్ల అరుగుదల స్త్రీలలోనే ఎక్కువ కనుక, ఆ ఫలితం తమ ఇంట్లోని అత్తగారికి వర్తిస్తుందా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. 2024లో సెమాగ్లూటైడ్ అనే బరువు తగ్గించే సూదిపై వచ్చిన పరిశోధన వార్తల్లో బాగా వినిపించింది. 407 మందిపై 68 వారాలు చూస్తే నొప్పి 100కు 42 పాయింట్ల మేర తగ్గింది. ఉత్తుత్తి సూదితో కూడా 27.5 పాయింట్లు తగ్గింది కాబట్టి మందు వాటా 14 పాయింట్లు. అది చిన్నదేమీ కాదు. అయితే అందులో పాల్గొన్నవారి సగటు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కకట్టే అంకె) 40. అంటే అయిదడుగుల మనిషి 90 కిలోలకు పైగా ఉన్నట్టు. 58 కిలోలున్న మనిషి ఆ ఫలితాన్ని తనకు అన్వయించుకోలేరు.

కాలం విషయంలో స్టెరాయిడ్ సూది మంచి ఉదాహరణ. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు కొన్ని వారాల ఉపశమనానికి దాన్ని వైద్యులు సరైన కారణంతోనే వేస్తారు. కానీ మూడు నెలలకొకసారి రెండేళ్లపాటు వేస్తూ 140 మందిని గమనించిన 2017 నాటి పరిశోధనలో, సెలైన్ వేసినవారితో పోలిస్తే నొప్పిలో తేడా లేకపోగా మృదులాస్థి ఎక్కువగా పలచబడింది. ఆరు వారాల పరిశోధన మాత్రమే చదివినవారికి ఇది తెలిసే అవకాశం లేదు.

ఆరో పని: ఖర్చు లేని చికిత్సను కూడా ఇదే తూకంలో వేయడం

వ్యాయామానికి ఉత్తుత్తి వ్యాయామం ఉండదు కనుక ఎవరు ఏం చేస్తున్నారో దాచడం కుదరదు, ఆ మేరకు దాని ఆధారంలో కూడా లోటు ఉంది. అయినా దాదాపు అన్ని మార్గదర్శకాలూ దాన్నే ముందు పెడతాయి. ఎన్నో పరిశోధనల్లో ఫలితం ఒకే దిశలో రావడం, హాని స్వల్పంగా ఉండడం అందుకు కారణాలు. నార్త్ కరోలినాలో 454 మందిని పద్దెనిమిది నెలలు గమనించి 2013లో అచ్చువేసిన పరిశోధనలో ఆహార నియమం, వ్యాయామం రెండూ పాటించినవారికి బరువు సగటున 11 శాతం తగ్గింది, నొప్పి కూడా ఏదో ఒక్కటే పాటించినవారికన్నా ఎక్కువగా తగ్గింది. కిలో బరువు తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుందని అదే పరిశోధకులు అంతకు ముందు లెక్కకట్టారు. మా అమ్మ ఇప్పుడు కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది అంకెలు లెక్కపెట్టి దింపుతుంది. టీవీలో వార్తలు వచ్చే సమయంలో అది ఆమెకు అలవాటైంది. ఏ వ్యాయామం ఎంత చేయాలో ఫిజియోథెరపిస్టు ఒకసారి చూసి చెప్పడం మంచిది.

చివరి పని: ట్రయల్‌లో చేరమని అడిగినప్పుడు

ఇన్నాళ్లూ ఎవరెవరో పాల్గొనబట్టే మనకు పై అంకెలన్నీ దొరికాయి కనుక, అడిగితే వెంటనే కాదనవద్దనే నేను చెబుతాను. అయితే సంతకానికి ముందు సీటీఆర్ఐ నమోదు సంఖ్య, అనుమతి ఇచ్చిన ఎథిక్స్ కమిటీ (పాల్గొనేవారి క్షేమాన్ని చూసే సంఘం) పేరు అడిగి రాసుకోవాలి. సమాచార పత్రాన్ని మీకు అర్థమయ్యే భాషలో, తెలుగులో కావాలంటే తెలుగులో, ఇవ్వవలసిందే. దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదివి వస్తానని నిస్సంకోచంగా చెప్పండి. మీకు ఉత్తుత్తి మందు వచ్చే అవకాశం ఎంత, అప్పుడు నొప్పి పెరిగితే ఏ మాత్ర వేసుకోవచ్చు అన్నవి తప్పక అడగవలసినవి. ట్రయల్ వల్ల హాని కలిగితే ఉచిత చికిత్స, నష్టపరిహారం 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం మీ హక్కులు. ఎప్పుడైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. దానివల్ల మీకు అందే మామూలు వైద్యం ఆగకూడదు. మోకాలికి స్టెమ్ సెల్ చికిత్స పరిశోధనలో భాగమని చెబుతూనే దానికి రుసుము అడిగితే అక్కడే ఆగండి. మన దేశపు 2017 స్టెమ్ సెల్ పరిశోధన మార్గదర్శకాల ప్రకారం ట్రయల్‌లో పాల్గొనేవారి నుంచి ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు.