సఫారీకి వచ్చినవాళ్లకి పాఠంలా కాకుండా సంరక్షణ గురించి చెప్పడం ఎలా

సఫారీకి వచ్చేవాళ్లు పులిని చూడ్డానికి వస్తారు, క్లాసు వినడానికి కాదు. జీపెక్కగానే అంతరించిపోతున్న జాతుల లిస్టు మొదలుపెడితే ఫోన్లు బయటికి తీస్తారు, అంతే. కాబట్టి గైడ్లూ, టూర్లు నడిపేవాళ్లూ చెప్పేది తగ్గించి చూపించేది పెంచండి.

ట్రిప్పులో ఎక్కువసేపు పులి కనిపించదు, మీ అసలు పని అప్పుడే. ఇంజన్ ఆపించండి. దుమ్ములో అడుగుజాడ ఉంటే బండిలోంచే చూపించండి: నాలుగు వేళ్లు పడి గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి జాతి, గోళ్లు దిగబడి ఉంటే చాలావరకు కుక్క జాతి (చీతా ఒక్కటి ఇక్కడ మోసం చేస్తుంది, దాని గోళ్లు పూర్తిగా లోపలికి పోవు). ఇంతలో దుప్పి ఒక్క హెచ్చరిక అరుపు అరిచి, చెట్టు మీద కొండముచ్చు దానికి జవాబిస్తే జీపులో అందరూ ఊపిరి బిగబడతారు. సరిగ్గా అప్పుడు అడగండి, ఈ దుప్పులు లేకపోతే పులి ఏం తింటుంది, ఈ గడ్డి లేకపోతే దుప్పులేం తింటాయి అని. జవాబు వాళ్లనే చెప్పనివ్వండి.

రూల్ చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పాలి, లేకపోతే విసుగే మిగులుతుంది. రువాండాలో ఒక్కో కొండ గొరిల్లాల గుంపు దగ్గరికి రోజుకి 8 మందినే, అదీ గంటసేపే పంపుతారు, ఎందుకంటే మన జలుబు వాటి ప్రాణం మీదికి తెస్తుంది. తాబేలు పిల్లలు గుడ్లలోంచి వచ్చే తీరంలో టార్చ్ వద్దనేది కూడా ఇలాంటిదే, అవి వెలుతురు ఉన్నవైపే పాకుతాయి కాబట్టి సముద్రం బదులు మీ వైపు వచ్చేస్తాయి.

టికెట్ డబ్బు ఎటు పోతుందో దాచకుండా చెప్పండి. రువాండా పార్కుల టూరిజం ఆదాయంలో 10 శాతం చుట్టుపక్కల ఊళ్లకి ఇస్తుంది. పంట తొక్కించుకున్న రైతు కోపం కూడా చెప్పండి, అడవి పక్కన బతకడం సరదా కాదని తెలియాలి కదా.

ఇంత చెప్పి, చివర్లో పులి కూనతో సెల్ఫీనో ఏనుగు సవారీనో పెడితే అంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఫొటోలకి కూడా ఓ పని పెట్టండి. తిమింగల సొర (వేల్ షార్క్) ఒంటి మీది చుక్కలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు, టూరిస్టులు పంపిన ఫొటోలతోనే పరిశోధకులు ఒక్కోదాన్నీ గుర్తుపడుతున్నారు. ఖడ్గమృగం ఫొటో అయితే మాత్రం పోస్ట్ చేసే ముందు లొకేషన్ తీసేయమనండి, వేటగాళ్లూ ఆన్‌లైన్‌లోనే ఉంటారు.