పాలెన్నొచ్చాయని సీసాని అడక్కండి

నేను ఆడిట్ పని చేసే మనిషిని. అంకెల్లో కనిపిస్తే తప్ప దేన్నీ నమ్మను. పాప పుట్టిన రెండో రోజే మంచం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎడమ 12 నిమిషాలు, కుడి 9 నిమిషాలు, 3:40కి మళ్ళీ ఏడుపు... ఇలా సాగింది. పదకొండో రోజున రొమ్ముపాలు తీసే పంపు పెట్టి ఇరవై నిమిషాలు తీస్తే రెండు వైపులా కలిపి 25 మి.లీ. వచ్చాయి. ఆ అంకె కింద గీత గీసి, పక్కన "పాలు లేవు" అని రాసి, కూర్చుని ఏడ్చాను.

ఆ రోజు తెల్లారిన దగ్గర్నుంచి పాప తడిపిన డైపర్లు నాలుగు. అవి మాత్రం ఎక్కడా రాయలేదు. పైగా నేను పంపు పెట్టింది పాప కడుపు నిండా తాగి నిద్రపోయిన కాసేపటికి! పాప తాగగా మిగిలినవి ఆ 25. తాగిన వెంటనే, లేదా రెండు పాలపూటల మధ్య పంపు చేస్తే రెండు వైపులా కలిపి 15 నుంచి 60 మి.లీ. రావడం మామూలేనని తర్వాత తెలిసింది. ఏ అంకె పట్టించుకోవాలో, ఏది వదిలెయ్యాలో నాకు రెండో కాన్పుకి గానీ బుర్రకెక్కలేదు. తొలిచూలు వాళ్ళు అంతదాకా ఆగక్కర్లేదు కదా అని ఇది రాస్తున్నాను.

మొదటి మూడు రోజులు

"పాలు పడలేదు" అనే మాట ఎక్కువగా వినబడేది ఈ రోజుల్లోనే. ముర్రుపాలు వచ్చేదే కొంచెం. చిక్కగా, పసుపు రంగులో, చుక్కలు చుక్కలుగా వస్తాయి. మొదటి రోజు పసికందుకి ఒక్కో పూటకి 2 నుంచి 10 మి.లీ. చాలు, అంటే అటూ ఇటూగా ఓ టీ చెంచా. మాయ బయటపడ్డాక ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పడిపోతుంది, అప్పుడు పాలు ఊరడం ఊపందుకుంటుంది. దానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. తొలి కాన్పుకీ, సిజేరియన్‌కీ ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

ఈలోపు చెయ్యాల్సిందల్లా బిడ్డని రొమ్ము దగ్గర ఉంచుకోవడం. పుట్టిన గంటలోపే మొదటిసారి పట్టించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ తర్వాత 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు. ఏడ్చేదాకా ఆగొద్దు, ఏడుపు ఆఖరి పిలుపు. అంతకుముందే పెదాలు చప్పరిస్తారు, తల పక్కకి తిప్పి వెతుకుతారు, పిడికిలి నోట్లో కుక్కుకుంటారు. బాగా ఏడ్చే బిడ్డని ముందు గుండెకి హత్తుకుని ఊరుకోబెట్టాలి. లేకపోతే నాలుక పైకి లేచి ఉండి రొమ్ము అందుకోలేరు.

పట్టు

పట్టు అంటే బిడ్డ రొమ్ముని నోట్లోకి అందుకునే తీరు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, సగం కష్టాలు ఇక్కడే మొదలవుతాయి.

నాకు నాలుగో రోజుకే చనుమొనలు పగిలాయి. పాప నోరు తెరుస్తుంటే కాలివేళ్ళు బిగబట్టుకునేదాన్ని. ఓ పెద్దావిడ, నర్సు, వచ్చి నా పక్కన కూర్చుని ఐదు నిమిషాలు ఊరికే చూసింది. తర్వాత, "అమ్మా, నువ్వు పాప మీదకి వంగుతున్నావు. పాపని నీ దగ్గరికి తెచ్చుకో" అంది. పాప వదిలాక చనుమొన చూపించింది. కొత్త లిప్‌స్టిక్ కొనలా ఒక పక్కకి ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంది. "ఇలా ఉంటే కొన మాత్రమే పట్టిందన్నమాట. గుండ్రంగా బయటికి రావాలి."

ఆవిడ నేర్పింది ఇదీ. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనాలి. చెవి, భుజం, నడుము ఒకే వరసలో ఉండాలి. మెడ తిప్పుకుని గుటక వెయ్యడం మనకే కష్టం, పసిగుడ్డుకి చెప్పాలా. చనుమొనని బిడ్డ నోటికి సూటిగా కాక ముక్కుకి ఎదురుగా ఉంచండి. పై పెదవికి అలా తగిలిస్తే, బిడ్డ తల కొంచెం వెనక్కి వాల్చి ఆవులించినట్టు నోరు తెరుస్తుంది. ఆ తెరిచింది ఒక్క క్షణమే. ఆ క్షణంలో తల వెనక నుంచి నెట్టకుండా భుజాల దగ్గర పట్టుకుని గభాల్న దగ్గరికి తీసుకోండి. ముందు గడ్డం ఆనాలి. కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం నోటికి కింద కన్నా పైన ఎక్కువ కనబడాలి.

మొదటి కొన్ని క్షణాలు లాగినట్టుంటే ఫరవాలేదు. ఆ తర్వాతా నొప్పి ఉందంటే పళ్ళ బిగువున ఓర్చుకోకండి. చిటికెన వేలు నోటి మూలనుంచి చిగుళ్ళ మధ్యకి పోనిచ్చి పట్టు విడిపించి, మళ్ళీ మొదలుపెట్టండి. నేను ఒక్కో పూట నాలుగైదుసార్లు విడిపించేదాన్ని. వారం తిరిగేసరికి పుళ్ళు మానాయి.

పట్టు కుదిరితే చెవికే తెలుస్తుంది. మొదట చకచకా చప్పరింపు, కాసేపటికి పాలు చేపుకొస్తాయి, అప్పుడు దవడ నిదానంగా లోతుగా కదులుతూ, చిన్న "క" లాంటి గుటక వినిపిస్తుంది. ఇలా పాలు కిందికి దిగడమే చేపు, అది ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పని. భయం, నొప్పి, గదినిండా జనం... వీటికి చేపు ఆలస్యమవుతుంది. పాలు ఆగిపోయాయని కాదు.

లెక్కపెట్టాల్సినవి

డైపర్లు. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు తడిస్తే సరి. ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరు బాగా తడవాలి. మలం మొదట తారులా నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, నాలుగైదు రోజులకి పల్చగా పసుపు రంగులోకి వస్తుంది. బరువు పుట్టాక కొంచెం తగ్గుతుంది. 7 శాతం దాకా తగ్గడం కనిపించేదే, 10 శాతానికి చేరితే డాక్టర్ చూడాల్సిందే. పుట్టినప్పటి బరువు 10 నుంచి 14 రోజుల్లో తిరిగి రావాలి.

నిమిషాలు లెక్కపెట్టకండి. ఒకరు పది నిమిషాల్లో ముగిస్తారు, ఇంకొకరు నలభై తీసుకుంటారు. సాయంత్రం పూట గంటకోసారి అడిగితే పాలు చాలట్లేదని కాదు, ఆ వయసులో అలా వెంటవెంటనే తాగుతారు. రొమ్ములు మెత్తబడ్డాయని కూడా బెంగ వద్దు. కొన్ని వారాలకి ఒళ్ళు అవసరానికి సర్దుకుంటుంది.

బిడ్డ పాలకి కూడా లేవనంత మత్తుగా ఉన్నా, డైపర్లు తగ్గినా, నోరు ఎండినా, కళ్ళు, ఒళ్ళు పచ్చబడుతున్నా నోట్‌బుక్ పక్కన పడేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. విటమిన్ డి చుక్కల సంగతి మాత్రం డాక్టర్‌ని అడగండి.

రొమ్ములు రాయైతే

పాలు పొంగిన రోజు రొమ్ము బిగుసుకుపోయి బిడ్డకి పట్టు దొరకదు. చనుమొన చుట్టూ వేళ్ళు ఆనించి ఛాతీ వైపుకి మెల్లగా ఓ నిమిషం నొక్కి పట్టండి. అక్కడ మెత్తబడుతుంది, అప్పుడు పట్టించండి. తర్వాత చల్లటి గుడ్డ వేసుకోండి. బరువు తీరేంత మాత్రమే పిండండి. ఖాళీ చేసేద్దామని పంపు పెడితే ఒళ్ళు "ఇంకా కావాలి కాబోలు" అనుకుని రెట్టింపు తయారుచేస్తుంది. గడ్డలా తగిలిందని గట్టిగా పిసకొద్దు, వాపు పెరుగుతుంది. ఒక చోట ఎర్రగా వేడిగా ఉండి, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. ఆ వైపు పాలు ఆపక్కర్లేదు, ఆ పాలు బిడ్డకి ఏ హానీ చెయ్యవు.

పంపు

పంపు కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఫ్లాంజ్ కొలత. రొమ్ముకి ఆనించే గరాటు ముక్కని ఫ్లాంజ్ అంటారు. పెట్టెలో వచ్చింది అందరికీ సరిపోదు. చనుమొన వెడల్పుని మిల్లీమీటర్లలో కొలిచి, సమానమైనది గానీ రెండు మూడు ఎక్కువది గానీ తీసుకోండి. నా పంపుతో వచ్చింది 24, నాకు సరిపోయింది 19. సరైనదైతే చనుమొన గొట్టంలో తేలిగ్గా కదులుతుంది, నల్లటి భాగం పెద్దగా లోపలికి వెళ్ళదు.

ముందు తేలిగ్గా, వేగంగా ఉండే మోడ్. పాలు చేపాక నిదానంగా, లోతుగా ఉండేది. నొప్పి పుట్టేంత పెంచితే ఎక్కువ రావు, చేపు ఆగుతుంది. 15 నుంచి 20 నిమిషాలు చాలు. పాలు తయారుచేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ రాత్రి ఎక్కువ, కాబట్టి తెల్లవారుజామున ఎక్కువొస్తాయి, సాయంత్రానికి తగ్గుతాయి. సాయంత్రం సీసా చూసి దిగులుపడకండి.

ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి నా లెక్క: బిడ్డకి దూరంగా ఉండే ప్రతి గంటకీ 30 నుంచి 45 మి.లీ. తొమ్మిది గంటలకి 270 నుంచి 405 దాకా. నెల నిండాక ఆరు నెలల దాకా రోజుకి సగటున 750 మి.లీ. దగ్గరే ఉంటుంది, అంతగా పెరగదు. కాబట్టి ఫ్రీజర్ నింపాలని కంగారు వద్దు, రేపటికి సరిపడా ఉంటే చాలు. మూడు గంటలకోసారి తీస్తే పాలు నిలబడతాయి. సీసా అలవాటు మాత్రం పట్టు కుదిరాక, మూడు నాలుగు వారాలు దాటాక చెయ్యండి.

తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలలు. ఎండ మండే రోజు గదిని నమ్మొద్దు. ఫ్రిజ్ తలుపులో కాక లోపల వెనక పెట్టండి. మీద తేదీ రాయండి. కరిగించినవి 24 గంటల్లో వాడాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు. బిడ్డ ఎంగిలి చేసినవి రెండు గంటల్లో అయిపోవాలి. మైక్రోవేవ్ వద్దు, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో పెట్టండి. మీగడ పైకి తేలితే పాలు విరిగినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పాలు తగిలిన విడిభాగాలన్నీ వాడిన ప్రతిసారీ సబ్బునీళ్ళతో వేరే గిన్నెలో కడిగి, గాలికి ఆరనివ్వండి.

నాలుగో నెలలో నా పాలు ఉన్నట్టుండి సగమయ్యాయి. ఒకటే ఆందోళన. తీరా చూస్తే పంపులో బాతుముక్కులా ఉండే చిన్న రబ్బరు వాల్వ్ చీలిక సాగిపోయింది. కొత్తది వెయ్యగానే మామూలైంది. ఒకటి అదనంగా బ్యాగ్‌లో ఉంచుకోండి.

ఆ అదనపుది కూడా ఇంట్లో మర్చిపోయిన రోజు చేత్తోనే పిండాను. చనుమొనకి రెండున్నర సెంటీమీటర్ల వెనక పైన బొటనవేలు, కింద రెండు వేళ్ళు. ముందు ఛాతీ వైపుకి నొక్కాలి, తర్వాత వేళ్ళు దగ్గరికి తేవాలి, వదలాలి. చర్మం మీద రుద్దకూడదు, వేళ్ళు పెట్టిన చోటే ఉండాలి. మొదటి రెండు నిమిషాలు ఒక్క చుక్క రాలేదు. ఫోన్‌లో పాప ఫొటో తెరిచి పక్కన ఆనించి పెట్టాను. కాసేపటికి సన్నటి ధార గ్లాసు అంచుకి తగిలి చప్పుడు చేసింది.