రిజిస్టర్ పెళ్లికి ముందు చూసుకోవాల్సినవి

ముందుగా జిల్లా. ప్రత్యేక వివాహ చట్టం (1954) కింద పెళ్లి చేసుకునేవాళ్లలో ఒక్కరైనా, పెళ్లి చేసుకుంటామని మ్యారేజ్ ఆఫీసర్‌కు రాసిచ్చే నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. మన వరంగల్ దగ్గరే అసలు తిరకాసు! 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్ జిల్లాగా మారాయి. ఆధార్‌లో ఇంకా పాత పేరే ఉండొచ్చు. కాజీపేటలో ఉండేవాళ్లది హనుమకొండ జిల్లా. అందుకే ఏ ఆఫీసుకు వెళ్లాలో ముందే అడగండి.

నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. ఇంట్లో ఇంకా చెప్పని జంటలకు టెన్షన్ ఇక్కడే, ఇది తెలిసే అడుగు వేయండి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటినుంచి.

వయసు: అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. పదో తరగతి మెమో దగ్గర పెట్టుకోండి. అందులోనూ ఆధార్‌లోనూ ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా? తేడా ఉంటే ముందే సరిచేయించండి, కౌంటర్ దగ్గర బతిమాలితే పని కాదు.

సాక్షులు ముగ్గురు. వస్తామని మాటిచ్చి ఆ రోజు ఫోన్ ఎత్తని దోస్తులుంటారు, ఇంకొకరిని కూడా సిద్ధంగా ఉంచుకోండి.

విడాకులైనవాళ్లు కోర్టు డిక్రీ, భర్త లేదా భార్య పోయినవాళ్లు మరణ ధ్రువపత్రం తీసుకెళ్లాలి.