ఆఫ్ సీజన్‌లో పంపు భద్రం – 4వ పాఠం: ఖాళీ చేశాం సరే, ఆరిందా?

గత పాఠం చేసి చూసినవాళ్లలో ఎక్కువమంది ఒకే మాట రాశారు: "డ్రెయిన్ ప్లగ్ తీశాం, నీళ్లు పోయాయి, ప్లగ్ బిగించాం. కొన్నాళ్లకు విప్పితే మళ్లీ ఎర్రనీళ్లు." కాబట్టి ఈసారి బేరింగుల కంటే ముందు ఆ ఎర్రనీళ్ల, అంటే తుప్పునీళ్ల, సంగతి తేల్చాలి.

చక్కెర ఫ్యాక్టరీలో గానుగ మార్చి, ఏప్రిల్‌ నాటికి ఆగితే మళ్లీ తిరిగేది నవంబరు, డిసెంబరులోనే. మధ్యలో వానాకాలమంతా పంపు కదలదు. ఈ నెలల్లో లోపలికి నీరు రెండు దారుల్లో వస్తుంది.

ఒకటి, పాసింగ్ వాల్వు. సీజనంతా మడ్డితో, ఇసుకతో అరిగిన గేటు వాల్వు చక్రం ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోదు. ట్యాంకు అడుగున నిలిచిన నీళ్లు బొట్టుబొట్టుగా కేసింగులోకి, అంటే పంపు బయటి గుల్లలోకి, దిగుతాయి. అందుకే వాల్వును నమ్మకుండా సక్షన్ (నీళ్లు పీల్చే వైపు), డెలివరీ (బయటికి తోసే వైపు) ఫ్లాంజిలు, అంటే పైపు జాయింట్లు, రెండూ విప్పి, పైపు వైపు గ్యాస్కెట్ పెట్టి రంధ్రం లేని బ్లైండు ప్లేటు బిగించండి.

రెండోది, అసలు బయటికి పోని నీరు. గ్లాండుకు (షాఫ్టు చుట్టూ నీళ్లు కారకుండా ఆపే భాగానికి) వెళ్లే సన్న పైపులో, కేసింగ్ అడుగు మూలల్లో అది నిలిచే ఉంటుంది. బాయిలర్ ఫీడ్ పంపు లాంటి మల్టీస్టేజ్ (ఒకే షాఫ్టు మీద చాలా చక్రాలున్నది) అయితే స్టేజీ స్టేజీకీ నిలుస్తుంది. రసం పంపులో ఇంకా ప్రమాదం. మిగిలిన రసం పులిసి ఆమ్లమై కాస్ట్ ఐరన్‌ను తినేస్తుంది. ముందు దాన్ని వేడినీళ్లతో కడగాలి, వచ్చే నీళ్లు చేతికి జిగురు తగలకుండా అయ్యేదాకా.

ఆరబెట్టడానికి చాలామంది కంప్రెసర్ గాలి పెడతారు. నాకైతే వేడి కండెన్సేటే (ఆవిరి చల్లబడి మారిన నీళ్లు) ఇష్టం. గానుగ ఆగే ముందే, కండెన్సేటు దొరికే రోజుల్లోనే, ఒక్కో స్పేర్ పంపునూ వరసగా దానితో కడిగేస్తాను. నీళ్లు వదిలిన వెంటనే ఫ్లాంజిలు రెండూ తెరిస్తే ఇనుము తన వేడితో తానే ఆరుతుంది. రబ్బరు లైనింగు ఉన్న పంపులకు మాత్రం ఇది వద్దు. కంప్రెసర్ వాడేవాళ్లు ముందు రిసీవర్ (గాలి నిలవ ఉండే ట్యాంకు) అడుగున చేరిన నీళ్లు వదలాలి. లేకపోతే ఆరబెట్టే గాలే తడిపి పోతుంది.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టే విషయం పాలిథీన్ పట్ట. పంపును నేలదాకా చుట్టి తాడుతో బిగించేసి, దాన్నే భద్రం అనుకుంటున్నారు. లెక్క చూడండి. 32 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే, ఇనుము 28 డిగ్రీలకు దిగగానే దాని మీద చెమట పడుతుంది. వానాకాలపు రాత్రి అంత చల్లబడటం పెద్ద విషయం కాదు. కాంక్రీటు నేల కూడా తేమ వదులుతూనే ఉంటుంది. ఆ తేమకు బయటికి దారి మీ పట్టే మూసేసింది. పొద్దున్నే పట్ట లేపితే లోపలివైపు చుక్కలు వేలాడుతుంటాయి, కింద మోటారును పంపుకు కలిపే కప్లింగు మీద పడినచోటల్లా నారింజ రంగు మచ్చలు. పట్ట వేయండి, వేయొద్దనడం లేదు. పైన గొడుగులా మాత్రం వేసి, చుట్టూ కింద జానెడు వదిలేయండి. స్టోరుకు తెచ్చిన పంపయితే చెక్కల మీద నిలబెట్టండి.

కేసింగ్ లోపల మాత్రం మూసే ఉంచాలి, కానీ పూర్తిగా ఆరాకే. కర్రకు తెల్లగుడ్డ చుట్టి సక్షన్ నుంచి లోపలంతా తుడవండి. గుడ్డ పొడిగా వస్తేనే తుప్పు నిరోధక నూనె స్ప్రే చేసి, షాఫ్టు చేత్తో తిప్పి, తేమ పీల్చే సిలికాజెల్ సంచి కట్టి పంపు ఫ్లాంజిలు మూయండి. తడి మీద నూనె కొడితే తుప్పు నూనె కిందే పెరుగుతుంది. గ్లాండు రోపుకు బదులు వాడే మెకానికల్ సీల్‌లో ఈపీడీఎం అనే రకం రబ్బరు ఉంటే ఖనిజ నూనె దానికి తగలకూడదు, ఉబ్బిపోతుంది.

గ్లాండులో కుక్కిన రోపు పూర్తిగా తీసేయాలి, చివరి రింగు దాకా. తడిసిన గ్రాఫైట్ రోపు నెలల తరబడి షాఫ్టు మీద తొడిగిన స్లీవుకు ఆనుకుని ఉంటే, స్టీలు స్లీవు మీద కూడా రింగు ఆకారంలో గుంటలు పడతాయి. కంటికి సరిగా కనబడకపోయినా గోరుతో గీస్తే తగులుతుంది. అలాంటి స్లీవు మీద కొత్త రోపు ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. స్లీవుకు గ్రీజు పూసి వదిలేయండి.

బేరింగుల గురించి ఈసారికి ఇంతే: హౌసింగులో నూనె షాఫ్టు అడుగు తగిలేదాకా పెంచి, "నడిపే ముందు లెవెల్ తగ్గించాలి" అని ట్యాగు కట్టండి. మోటారు బ్రేకరు లాక్ చేశాక, నెలకొకసారి కప్లింగు ఒకటింపావు చుట్టు తిప్పండి. సరిగ్గా ఒక చుట్టు తిప్పితే షాఫ్టు మళ్లీ అదే పక్క మీద పడుకుంటుంది. కప్లింగు మీద తెల్లపెయింటు గీత ఉంటే పావు తేడా తెలుస్తుంది.

అభ్యాసం కొంచెం కష్టమైనదే ఇస్తున్నాను. ఒక రసం పంపు తీసుకోండి. కడిగి, ఆరబెట్టి, నూనె కొట్టకుండా నీలం సిలికాజెల్ లోపల పెట్టి మూయండి. మూడు రోజుల తర్వాత తెరవండి. గులాబీ రంగుకు తిరిగితే పంపు ఆరలేదు, లేదా ఎక్కడో గాలి దూరుతోంది. కారణం పట్టుకోండి, జెల్‌ను 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ నీలం చేసుకుని మొదటినుంచి చేయండి. నీలం నిలిచేదాకా రెండో పంపు ముట్టుకోవద్దు. ప్రతిసారీ తేమ ఎక్కడినుంచి వచ్చిందో రాసి పెట్టండి. బేరింగుల పాఠం ఆ రాతలు చూశాకే మొదలుపెడతాను.